మద్యం మానేసినవారి మీటింగును ఎలా వెతుక్కోవాలి? మొదటిసారి వెళ్లేవారికి ఏం తెలిసి ఉండాలి?

ప్రశ్న
వేకువ:

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఉన్న తాగుడును ఈ మధ్యనే డాక్టరు గారి పర్యవేక్షణలో మానుకున్నాను. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఆయన మందుల చీటీ చేతికిచ్చి, మందులతోనే సరిపెట్టుకోవద్దనీ, మద్యం మానేసినవాళ్లు కలిసి నడుపుకునే సహాయక బృందం ఏదైనా చూసుకుని క్రమం తప్పకుండా మీటింగులకు వెళ్లమనీ చెప్పారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. అయితే ఎవరిని అడగాలో తెలియక అక్కడే ఆగిపోయాను. ఇంటర్నెట్‌లో వెతికితే చిరునామాలు దొరుకుతున్నాయి గాని, ఆ మీటింగులు ఇప్పటికీ జరుగుతున్నాయో లేదో, ముందుగా పేరు నమోదు చేసుకోవాలో, నేరుగా వెళ్లిపోవచ్చో అర్థం కావడం లేదు.

పగలంతా పనిలో పడి ఎలాగో గడిచిపోతోంది. సాయంత్రం చీకటిపడే వేళ మాత్రం చాలా కష్టంగా ఉంది. ఆ సమయానికి కాళ్లు వాటంతటవే పాత దారి పడతాయేమోనన్న భయంతో ఇంటి తలుపు వేసుకుని కూర్చుంటున్నాను. అందుకే ఈ విషయాన్ని ఇంకా వాయిదా వేయకూడదని అనుకుంటున్నాను.

మీటింగుకు వెళితే నన్ను లేచి మాట్లాడమంటారా? అక్కడ తెలిసినవారు ఎవరైనా ఎదురైతే నేను పనిచేసే చోట ఈ సంగతి పొక్కుతుందా? దేవుడి మీద నమ్మకం లేని నాలాంటివాడికి అక్కడ చోటు ఉంటుందా? నా భార్య తోడు వస్తానంటోంది, ఆమె రావచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం
నిలకడ:

వేకువ గారూ, నమస్కారం. నేను చాలా కాలంగా ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అంటే మేమంతా ఏఏ అని పిలుచుకునే బృందంలో సభ్యుడిని. నాకు దగ్గరగా తెలిసింది అదే కాబట్టి దాని గురించే చెబుతాను. మిగతా బృందాల సంగతి తెలిసినవారు చెబుతారు.

అన్నిటికన్నా ముందు నా సలహా ఏమిటంటే, చిరునామా కోసం వెతకడం కాసేపు పక్కన పెట్టి ఒక మనిషితో ఫోనులో మాట్లాడండి. ఏఏ గ్రూపులు దాదాపు 180 దేశాల్లో ఉన్నాయి. చాలా చోట్ల ఆ ప్రాంతంలోని గ్రూపులన్నీ కలిసి ఇంటర్‌గ్రూప్ పేరుతోనో, సెంట్రల్ ఆఫీసు పేరుతోనో ఒక కార్యాలయాన్ని, ఒక హెల్ప్‌లైన్ నంబరును నడుపుకుంటాయి. ఆ ఫోను ఎత్తేది చాలావరకు మనలాగే తాగి, మానేసిన సభ్యుడే. మీటింగ్ గైడ్ అనే ఏఏ వారి ఉచిత యాప్ కూడా ఉంది. అందులో నమోదైన ప్రాంతాల్లో ఏ రోజు, ఏ సమయానికి, ఎక్కడ మీటింగు ఉందో చూసుకోవచ్చు. ఏఏ అధికారిక వెబ్‌సైటులో దేశాలవారీగా సంప్రదించవలసిన వివరాలు ఉంటాయి. ఇలాంటి జాబితాల్లో వేళలు మారినా దిద్దకుండా వదిలేయడం ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందు ఫోను చేసి నిర్ధారించుకోవడం మంచిది. ఫోనులో మీ కథంతా చెప్పుకోనక్కరలేదు. "నేను కొత్తవాడిని, మొదటిసారి రావాలనుకుంటున్నాను, గుమ్మం దగ్గర నన్ను ఎవరైనా కలుస్తారా?" అని అడిగితే చాలు. ఈ ఒక్క ప్రశ్న అడిగినవారికి లోపలికి అడుగుపెట్టడం ఎంత తేలికవుతుందో నేను పదేపదే చూశాను.

ఈ సంస్థ పుట్టిందే ఒక ఫోను కాల్‌తో. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో ఉన్న ఏక్రన్ నగరానికి వెళ్లాడు. ఆ పని బెడిసికొట్టింది. అప్పటికి తాగడం మానేసి కొన్ని నెలలే అయింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడి ఉండగా బార్‌లోంచి మాటలూ నవ్వులూ వినిపిస్తున్నాయి. తాను తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడటం తప్ప దారి లేదని అతడికి తోచింది. లాబీలో ఉన్న చర్చిల జాబితా చూసి ఫోను చేస్తే, ఒకరి నుంచి ఒకరికి మాట అంది, చివరకు తాగుడు మానలేకపోతున్న డాక్టర్ రాబర్ట్ స్మిత్ అనే సర్జన్‌ను కలిసే ఏర్పాటు జరిగింది. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు కొన్ని గంటలపాటు కదలలేదు. ఆయన చివరిసారి తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10నే ఏఏ ఆవిర్భావ దినంగా పాటిస్తున్నాం. అంతకుముందు ఆ డాక్టరుకు ఎందరో నీతులు చెప్పారు, బతిమాలారు. తనలాగే తాగినవాడు ఎదురుగా కూర్చుని తన సంగతి చెప్పుకోవడం మాత్రం ఆయనకు అదే మొదలు. ఇప్పటికీ మా మీటింగుల్లో జరిగేది అంతే.

ఇక గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. సాధారణంగా గంట నుంచి గంటన్నర పాటు ఉంటుంది. కుర్చీలు గుండ్రంగానో వరుసగానో వేసి ఉంటాయి. ఆ రోజు మీటింగు నడిపించే సభ్యుడు సంస్థ ఉద్దేశాన్ని తెలిపే చిన్న పాఠం చదువుతాడు. తరువాత ఎవరో ఒకరు తన అనుభవం చెబుతారు, లేదా మద్యం నుంచి బయటపడటానికి ఏఏ సూచించే 12 మెట్లలో ఒకదాన్ని తీసుకుని ఒక్కొక్కరే మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడటం, సలహాలివ్వడం మా దగ్గర మామూలుగా ఉండదు. కొత్తవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. చెయ్యెత్తడం మీ ఇష్టం. మీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే పక్కవారి దగ్గరకు వెళ్లిపోతారు, ఎవరూ బలవంతపెట్టరు. రుసుము లేదు, రిజిస్టరులో సంతకం లేదు. మీటింగు చివర్లో గది అద్దెకు, ఖర్చులకు ఒక డబ్బా తిరుగుతుంది. అది మీ దాకా వచ్చినప్పుడు పక్కకు అందిస్తే చాలు, కొత్తవారు వేయాలని ఎవరూ ఎదురుచూడరు. బయటివారి విరాళాలు మా సంస్థ తీసుకోదు. సభ్యత్వానికి కావలసింది మద్యం మానాలనే కోరిక ఒక్కటే.

గుర్తుపట్టడం గురించి మీ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయను. అక్కడ ఇంటిపేర్లు చెప్పుకోము. ఎవరిని చూశామో, ఏం విన్నామో బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే కట్టుబాటు. తెలిసినవారు ఎదురైనా, వారు కూడా అదే కారణంతో వచ్చారన్నది మరిచిపోకండి. అయితే అది పరస్పర నమ్మకం మీద నడిచేది. డాక్టరుకు చెప్పిన మాటలకు ఉండే వృత్తిపరమైన గోప్యత దానికి లేదు. కాబట్టి ఉద్యోగానికో, కోర్టు వ్యవహారాలకో చిక్కు తెచ్చే విషయాలు ఏవైనా ఉంటే అందరి ముందూ కాకుండా, నమ్మకం కుదిరాక ఒక్కరితో చెప్పుకోండి. మరీ సంకోచంగా ఉంటే మొదట మీ ఇంటికి కాస్త దూరంగా జరిగే మీటింగుకు వెళ్లండి, లేదా కెమెరా ఆపేసి ఆన్‌లైన్ మీటింగులో కూర్చుని వినండి.

మీ భార్య రావాలంటే ఓపెన్ మీటింగు ఏదో అడిగి తెలుసుకోండి. దానికి ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు మాత్రం మద్యంతో ఇబ్బందిపడుతున్నవారికి, మానాలనుకునేవారికి మాత్రమే.

దేవుడి విషయం: 12 మెట్లలో ఆ మాట ఉంది, దాచడం సరికాదు. "మేము అర్థం చేసుకున్న రీతిలో దేవుడు" అన్నది అక్కడి భావన. గ్రూపునే తమకన్నా పెద్ద శక్తిగా భావించి ఏళ్ల తరబడి మద్యానికి దూరంగా ఉన్న నాస్తికులు నాకు తెలుసు. కొన్ని మీటింగులు ప్రార్థనతో ముగుస్తాయి. మౌనంగా నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు. నాస్తికులు, సంశయవాదుల కోసం ప్రత్యేకంగా ఏఏ గ్రూపులు కూడా ఉన్నాయి. అలాంటి గ్రూపు 1975లోనే చికాగోలో మొదలైంది.

సమాధానం
తోడునీడ:

నేను డీఅడిక్షన్ విభాగంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నిలకడ గారు చెప్పిన ఫోను మాటకు పరిశోధన బలం కూడా ఉందని చెప్పాలనిపించింది. 1981లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో 20 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలుగా మీటింగుల సమాచారం ఇచ్చి వెళ్లమని చెప్పారు. రెండో జట్టువారికి కౌన్సెలర్ గదిలోనే ఒక సభ్యుడితో ఫోనులో మాట్లాడించి, మీటింగుకు ముందు కలుసుకునేలా ఏర్పాటు చేశారు. మొదటి జట్టులో ఒక్కరూ వెళ్లలేదు. రెండో జట్టులో పదిమందికి పదిమందీ వెళ్లారు. ఇంత తక్కువ మందితో చేసిన దాన్ని తుది మాటగా తీసుకోకూడదు గాని, నా పనిలో రోజూ కనిపించేదానికి అది సరిగ్గా సరిపోతుంది. అందుకే మీ డాక్టరు గారికో, ఆసుపత్రిలోని కౌన్సెలర్‌కో మళ్లీ ఫోను చేసి, "మీ ఎదుట నన్ను ఎవరైనా సభ్యుడితో మాట్లాడించగలరా?" అని అడగండి. చికిత్స తీసుకున్నవారికి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.

వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను పరిశీలించింది. ఏఏలో చేరి కొనసాగేలా ఒక పద్ధతి ప్రకారం ప్రోత్సహించే చికిత్సలు, పూర్తిగా మద్యానికి దూరంగా ఉండే విషయంలో ఇతర గుర్తింపు పొందిన చికిత్సల కన్నా మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. దీన్నిబట్టి ఏఏ ఒక్కటే దారి అని నేను అనను. ఆ పద్ధతి మనసుకు పట్టనివారు మద్యం మానలేరని ఎవరైనా అంటే నమ్మకండి.

వేరే దారుల్లో స్మార్ట్ రికవరీ ఒకటి. ఇది 1994లో ఆ పేరుతో మొదలైంది. ఇందులో దేవుడి ప్రసక్తి ఉండదు, ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే మానసిక చికిత్సా పద్ధతుల ఆధారంగా నడుస్తుంది. శిక్షణ పొందిన వ్యక్తి మీటింగు నడిపిస్తారు, సభ్యులు ఒకరినొకరు ప్రశ్నించుకోవచ్చు, చర్చించుకోవచ్చు. తాగడం వల్ల నాకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి, మానితే ఒరిగేదేమిటి, పోయేదేమిటి అని నాలుగు గడుల్లో రాసుకునే పని మొదట్లోనే చేయిస్తారు. మీరు చెప్పిన సాయంకాలపు తపనను ఎలా దాటాలన్నది వారి కార్యక్రమంలో నాలుగు ముఖ్యాంశాల్లో ఒకటి. స్త్రీలకు మాత్రమే ఉద్దేశించిన విమెన్ ఫర్ సోబ్రైటీ 1975 నుంచి ఉంది. మగవారి ముందు నోరు విప్పలేని స్త్రీలు ఇది చదువుతుంటే వారికోసం చెబుతున్నాను. ఇవి అన్ని చోట్లా దొరకవు, కానీ రెండింటికీ ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి.

ఇంకా తాగుతూనే ఉండి దీన్ని చదువుతున్నవారికి ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. రోజూ ఎక్కువగా తాగే శరీరం ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, చెమటలు, ఆందోళన కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి తీవ్రమైన అయోమయం, లేనివి కనిపించడం, జ్వరం కలిసి ప్రాణాపాయం కలగవచ్చు. మీటింగు దీనికి చికిత్స కాదు. అలాంటి సూచన కనిపించినా, ఇదివరకు మానినప్పుడు మూర్ఛ వచ్చి ఉన్నా, ముందు ఆసుపత్రికి వెళ్లండి. మీటింగు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

అలాగే వేకువ గారూ, మద్యానికి దూరంగా ఉండటానికి మీకు నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ వంటి మందులేవైనా రాసి ఉంటే, మీటింగులో ఎవరో వద్దన్నారని ఆపకండి. సభ్యులు వైద్యుల పాత్ర పోషించకూడదని ఏఏ తన ప్రచురణల్లో స్పష్టంగానే చెబుతుంది.

సమాధానం
మరోవైపు:

మీ భార్య తోడు వస్తానన్నారని చదివి రాస్తున్నాను. మా ఇంట్లో తాగినది మావారు. ఆయనకు ఎంత తోడుగా ఉండాలో, ఎక్కడ ఆగాలో తెలియక నేను నలిగిపోయిన రోజులు ఉన్నాయి. జేబులు వెతకడం, ఊపిరి వాసన చూడటం, ఫోను ఎత్తకపోతే వణికిపోవడం, ఆయన మానేసిన తరువాత కూడా నాలో ఇవేవీ మానలేదు.

కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే బృందం వేరే ఉంది. బిల్ విల్సన్ గారి భార్య లోయిస్, మరొకరితో కలిసి 1951లో దీన్ని ప్రారంభించారు. పిల్లలు ఎదిగే వయసులో ఉంటే వారికి 1957లో మొదలైన అలటీన్ ఉంది. అక్కడ నేను మొదట విన్న మాట ఏమిటంటే, ఈ జబ్బు నేను తెచ్చింది కాదు, దీన్ని అదుపు చేయడం నా వల్ల కాదు, నయం చేయడం నా వల్ల కాదు. ఆ మాట విన్న రోజు చాలాకాలం తరువాత నాకు నిద్ర పట్టింది. మావారు మీటింగుకు వెళ్లినా వెళ్లకపోయినా నేను మాత్రం వెళ్లడం మానలేదు. అల్-అనాన్‌కు వెళ్లడానికి ఇంట్లో తాగేవారు మానేసి ఉండాలన్న షరతేమీ లేదు.

కాబట్టి ఆవిడను మొదటి ఓపెన్ మీటింగుకు తప్పకుండా తీసుకెళ్లండి. ఆ తరువాత ఆవిడకంటూ వేరే మీటింగు ఉండేలా చూడండి. మీ మీటింగుకు కాపలాగా ఆవిడ ప్రతిసారీ వస్తే, ఆవిడ ఎదుట చెప్పుకోలేని మాటలు మీలోనే ఉండిపోతాయి. ఆవిడ మాటలూ అంతే.

వేకువ:

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. నిలకడ గారు చెప్పినట్టే హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాను. మాట్లాడినాయన నా పేరైనా అడగకముందే, "ఈ సాయంత్రం ఎలా ఉన్నారు?" అని అడిగారు. నాకు కాసేపు మాట పెగలలేదు. రేపటి మీటింగుకు పది నిమిషాల ముందు గుమ్మం దగ్గర ఉంటానన్నారు. మా ఆవిడ కోసం అల్-అనాన్ వివరాలు కూడా తీసుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఆ గ్రూపు నాకు నచ్చకపోతే ఏం చేయాలి? మధ్యలో ఎప్పుడైనా తాగితే మళ్లీ ఏ మొహంతో వెళ్లాలి?

నిలకడ:

చాలా సంతోషం, వేకువ గారూ. రేపు మీటింగు అయిపోగానే లేచి వచ్చేయకండి. కుర్చీలు సర్దే వేళకు అక్కడే ఉండండి, ఒకటి రెండు కుర్చీలు మీరూ మడత పెట్టండి. అసలు పరిచయాలు అప్పుడే అవుతాయి. ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు అడిగి తీసుకోండి, మీరు చెప్పిన చీకటిపడే వేళకు అవి పనికొస్తాయి.

నచ్చకపోవడం గురించి: ఒక్క మీటింగు చూసి ఏఏ ఇంతే అనుకోవద్దు. ప్రతి గ్రూపు తన పద్ధతిలో తాను నడుచుకుంటుంది కాబట్టి, ఒకచోట అందరూ పెద్దవాళ్లే ఉంటారు, మరోచోట మాటలకన్నా చదవడమే ఎక్కువ ఉంటుంది. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు గ్రూపులకు వెళ్లి చూసి, ఎక్కడ మనసు కుదుటపడిందో దాన్ని మీ హోమ్ గ్రూపుగా చేసుకోండి. మెట్ల గుండా మిమ్మల్ని నడిపించే స్పాన్సర్‌ను ఎంచుకోవడానికి తొందర లేదు. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు స్పాన్సర్‌గా ఉండటం మేలని పెద్దలు చెప్పే మాట పాటించదగినది. ఎవరైనా అప్పు అడిగినా, మీ మందుల్లో వేలుపెట్టినా, కుటుంబానికి దూరంగా ఉండమన్నా, ఒకే మనిషి గ్రూపునంతా గుప్పిట్లో పెట్టుకున్నట్టు కనిపించినా ఆ చోటు వదిలి మరో చోటికి వెళ్లండి. మంచి గ్రూపులకు కొదవ లేదు.

తాగితే వెళ్లాలా అన్నదానికి జవాబు, వెళ్లాలి. వీలైతే ఆ రోజే వెళ్లాలి. తాగిన రోజు మాట్లాడకుండా విని వెళ్లమని కొన్ని గ్రూపులు కోరతాయి, గొడవ చేస్తే తప్ప బయటకు పంపరు. మళ్లీ వచ్చినవాడిని ఎందుకు తాగావని నిలదీయడం నేను చూడలేదు. ఆ గదిలో చాలామంది మళ్లీ వచ్చినవాళ్లే.

తోడునీడ:

ఒక్క మాట కలుపుతాను. మళ్లీ తాగడం ఒక రాత్రితో ఆగకుండా కొన్ని రోజులు సాగితే, మానేటప్పుడు శరీరం మళ్లీ అదే ప్రమాదంలో పడుతుంది. అప్పుడు సభ్యుడికి ఒక ఫోను, డాక్టరు గారికి ఒక ఫోను, రెండూ చేయండి. ఆ రెండు నంబర్లనూ ఈ రోజే కాగితం మీద రాసి, ఒక ప్రతి మీ భార్య దగ్గర ఉంచండి.